యాంట్‌లో మాక్రోలు

జావా ప్రోగ్రాములను కంపైల్ చేసి, పరీక్షించి, జార్ ఫైళ్లుగా తయారుచేసే బిల్డ్ టూల్ అపాచీ యాంట్. అందులో కొన్ని పనుల వరుసను ఒకసారి రాసి, దానికో పేరు పెట్టి, కావలసిన చోటల్లా ఆ పేరుతో పిలుచుకునే వీలు మాక్రోల వల్ల వచ్చింది. 2003 డిసెంబరులో విడుదలైన 1.6 వెర్షన్‌లో ఇది మాక్రోడెఫ్ అనే టాస్క్‌గా చేరింది.

బిల్డ్ టూళ్లకు మాక్రో కొత్త కాదు. బెల్ ల్యాబ్స్‌లో స్టూవర్ట్ ఫెల్డ్‌మన్ 1976లో రాసిన మేక్‌లోనే ఉంది. అయితే అక్కడ మాక్రో అంటే ఒక పేరు, ఆ పేరున్న చోట వచ్చి చేరే అక్షరాలు, అంతవరకే. సన్ మైక్రోసిస్టమ్స్‌లో టామ్‌క్యాట్ మీద పనిచేస్తూ జేమ్స్ డంకన్ డేవిడ్‌సన్ మేక్‌తో విసిగిపోయాడు. ట్యాబ్ ఉండాల్సిన చోట స్పేస్ పడితే పని ఆగిపోయే మేక్‌ఫైల్ ఆయన విసుగుకు ఒక కారణం. అలా పుట్టిన యాంట్ 2000 జూలైలో 1.1 వెర్షన్‌గా విడిగా బయటికొచ్చింది. దాని బిల్డ్‌ఫైల్ ఎక్స్ఎమ్ఎల్‌లో ఉంటుంది. ఏమేం జరగాలో చెప్పే జాబితాగానే దాన్ని అనుకున్నారు తప్ప ప్రోగ్రామింగ్ భాషగా కాదు. ఒకసారి విలువ పెట్టిన ప్రాపర్టీ మళ్లీ మారదన్న నియమం ఆ ఆలోచనలోంచి వచ్చిందే. మాక్రోలకు తరువాత ఎదురైన చిక్కుల్లో పెద్దది కూడా ఈ నియమమే.

మాక్రోడెఫ్‌కు ముందు ఒకే పనిని వేర్వేరు వివరాలతో చేయించాలంటే యాంట్‌కాల్ ఉండేది. అది పిలిచిన ప్రతిసారీ బిల్డ్‌ఫైల్‌ను మొదటినుంచి చదివి కొత్త ప్రాజెక్టును తయారుచేసేది, పిలిచిన టార్గెట్ (బిల్డ్‌ఫైల్‌లో పేరున్న పనుల గుంపు) ఆధారపడ్డ ఇతర టార్గెట్లను కూడా మళ్లీ నడిపేది. లోపల పెట్టిన ప్రాపర్టీలు పిలిచినవారికి అందేవి కావు. పెద్ద ప్రాజెక్టుల్లో ఇది భారమే. కాదంటే జావాలో సొంత టాస్క్ రాసుకోవాలి. నాలుగు లైన్ల పనికి అది మరీ ఎక్కువ.

మాక్రోడెఫ్ ఈ రెండింటికీ మధ్య దారి చూపింది. మాక్రోకు ఆట్రిబ్యూట్లు ఇవ్వవచ్చు, వాటికి డిఫాల్ట్ విలువలు పెట్టవచ్చు. లోపల @ గుర్తుతో రాసిన చోట పిలిచినవారిచ్చిన విలువ వచ్చి చేరుతుంది. సిరిసిల్ల మరమగ్గం మీద డాబీ అమరిక అలాగే ఉంచి, నూలు రంగులు మార్చి మరో చీర నేసినట్టు అన్నమాట. అంతకన్నా తెలివైన ఏర్పాటు ఎలిమెంట్‌ది. మాక్రో మధ్యలో ఖాళీ వదిలితే, పిలిచినవారు తమ టాస్కులను అక్కడ పెట్టుకోవచ్చు. ఇదే వెర్షన్‌లో వచ్చిన ప్రీసెట్‌డెఫ్ చిన్న పనిముట్టు. ఉన్న టాస్క్‌కు కొన్ని ఆట్రిబ్యూట్లు ముందే బిగించి కొత్త పేరు పెడుతుంది. యాంట్‌లిబ్ ద్వారా మాక్రోలను జార్‌లో పెట్టి ఇతర ప్రాజెక్టులకు పంచుకోవచ్చు. మాక్రోను పిలిచే తీరు మామూలు టాస్క్‌ను పిలిచినట్టే ఉంటుంది కనుక, రేపు దాని స్థానంలో జావాలో రాసిన టాస్క్ పెట్టినా పిలిచే ఫైళ్లను ముట్టుకోనక్కర్లేదు. ఆచరణలో ఎక్కువ మేలు చేసిన గుణం ఇదేననిపిస్తుంది.

ఆట్రిబ్యూట్లు మాక్రోకే పరిమితం. లోపల పెట్టిన ప్రాపర్టీలు మాత్రం ప్రాజెక్టు అంతటికీ చెందేవి. దాంతో రెండోసారి పిలిచినప్పుడు మొదటిసారి పెట్టిన విలువే ఎదురయ్యేది. యాంట్-కాంట్రిబ్ అనే అదనపు లైబ్రరీలోని వార్ టాస్క్‌తో కొందరు నియమాన్ని దాటేవారు. ప్రాపర్టీ పేరులోనే ఆట్రిబ్యూట్ విలువను కలిపి మరికొందరు నెట్టుకొచ్చారు. 2010లో 1.8.0 వెర్షన్ లోకల్ టాస్క్‌ను తెచ్చాక, ప్రాపర్టీని ఆ మాక్రో పరిధిలోనే ఉంచడం వీలైంది. సొంత చరరాశి లేకుండా ఏడో ఏడు దాకా మాక్రోలను నడిపించారంటే యాంట్ బృందం పాత నియమాన్ని ఎంత గట్టిగా పట్టుకుందో తెలుస్తుంది. ఆపై 1.8.3లో ఆట్రిబ్యూట్‌లోని ప్రాపర్టీ రెండుసార్లు విస్తరించకుండా ఆపే వీలు వచ్చింది. 1.9.1లో ఏ టాస్క్‌కైనా నేరుగా షరతు తగిలించే ఇఫ్, అన్‌లెస్ ఆట్రిబ్యూట్లు వచ్చాయి. జాబితాగా మొదలైన ఫైలు ఇలా మెల్లగా భాష లక్షణాలు తెచ్చుకుంది.

మావెన్, గ్రేడిల్ అనే బిల్డ్ టూళ్లు వచ్చాక కొత్త జావా ప్రాజెక్టులు చాలావరకు అటు వెళ్లాయి. పరిధి సమస్య మాత్రం ఇతర టూళ్లలోనూ తలెత్తింది. 2024 డిసెంబరులో వచ్చిన గూగుల్ వారి బేజెల్ 8లో సింబాలిక్ మాక్రోలు చేరాయి. వాటి ఆట్రిబ్యూట్లకు రకాలు ముందే ప్రకటించాలి. అవి సృష్టించే టార్గెట్ల పేర్లు ఆ మాక్రోను పిలిచినప్పుడు ఇచ్చిన పేరుతోనే మొదలవ్వాలి.