పిల్లల పేర్లలో దాచుకున్న మేలు



పొద్దు వాలే వేళ ఏ ఊళ్ళోనైనా ఒక పిలుపు వినిపిస్తుంది. వీధిలో ఆడుకుంటున్న పిల్లల్ని తల్లులు ఇళ్ళకు పిలిచే పిలుపు అది. బళ్ళారిలోనైనా, హోసూరులోనైనా, పర్లాకిమిడిలోనైనా, సోలాపూరు మగ్గాల వీధుల్లోనైనా, యానాంలోనైనా ఆ పిలుపు మన తెలుగులోనే ఉంటుంది. రోజుకు పదిసార్లు మనం పిల్లల్ని పేరు పెట్టి పిలుస్తాం. కానీ ఆ పేరు ఎక్కణ్ణించి వచ్చిందో, అందులో ఎవరి జ్ఞాపకం ఉందో ఆలోచించేది తక్కువ. ఇవాళ మీతో ఆ సంగతే ముచ్చటించాలని వచ్చాను.

చేసిన మేలు మరవకూడదని మన పెద్దలు చెబుతూ వచ్చారు. చెప్పి ఊరుకోలేదు. మరవకుండా ఉండడానికి ఒక ఏర్పాటు కూడా చేసుకున్నారు. శాసనం చెక్కించాలంటే రాజు కావాలి. గుడి కట్టించాలంటే డబ్బు కావాలి. ఏమీ లేని రైతు, కూలి, నేతగాడు ఏం చేయగలడు? బిడ్డకు పేరు పెట్టగలడు. రోజూ నోటితో పలికే చోట ఆ కృతజ్ఞతను దాచిపెట్టాడు.

ముందుగా అందరికీ తెలిసిన సంగతి చూడండి. మనవడికి తాత పేరు, మనవరాలికి నాయనమ్మ పేరో అమ్మమ్మ పేరో పెట్టడం మన వాడుక. కన్న తండ్రికి కొడుకు తీర్చుకునే రుణం అది. అయితే ఇందులో ఒక చిక్కు వచ్చేది. మామగారి పేరు, అత్తగారి పేరు కోడలు నోట పలకకూడదు. మరి బిడ్డను ఎలా పిలవాలి? అందుకే ఆ ఇళ్ళల్లో పిల్లవాడు తల్లికి 'అబ్బాయి' అయ్యాడు, 'చిన్నోడు' అయ్యాడు, 'బుజ్జి' అయ్యాడు. అసలు పేరు బడిలో చేరిన రోజునే కొందరు పిల్లలకు తెలిసేది. అల్లరి చేసిన మనవణ్ణి అవ్వ కసురుకోబోయి, పెనిమిటి పేరు గుర్తొచ్చి మాట మింగిన సందర్భాలు మీ ఇళ్ళల్లో కూడా ఉండి ఉంటాయి. పేరులో ఉన్న మర్యాద అది.

ఇక రెండో రకం పేర్లు. వీటిని విని నవ్వేవాళ్ళున్నారు. పుల్లయ్య, పుల్లమ్మ, పెంటయ్య, పెంటమ్మ, పిచ్చయ్య, తవుడు, తవిటయ్య, తవిటమ్మ. బడిలో హాజరు పిలిచేటప్పుడు ఈ పేరు వినబడితే వెనక బెంచీలో కిసుక్కున నవ్వుతారు. పేరున్న పిల్ల తల దించుకుంటుంది. పెద్దయ్యాక పేరు మార్చుకున్నవారూ ఉన్నారు. కానీ ఆ పేరు వెనక కథ తెలిస్తే నవ్వు రాదు, కళ్ళు చెమరుస్తాయి.

వరసగా ఇద్దరు ముగ్గురు బిడ్డలు పురిట్లోనో, ఏడాది తిరక్కుండానో పోయిన తల్లి ఉందనుకోండి. మళ్ళీ కానుపు వచ్చింది. ఈ బిడ్డనైనా దక్కించుకోవాలి. అప్పుడు ఇంటి పెద్దలు ఒక తంతు జరిపేవారు. తిని పారేసిన పుల్లి విస్తళ్ళలో బిడ్డను దొర్లించి తీస్తే పుల్లయ్య. పెంటకుప్ప మీద ఒక్క క్షణం పడుకోబెట్టి ఎత్తుకుంటే పెంటయ్య. బిడ్డ కోసం బిచ్చమెత్తితే పిచ్చయ్య. బిడ్డను పొరుగింటి ఆవిడ చేతిలో పెట్టి, చాటెడు తవుడు ఇచ్చి తిరిగి కొనుక్కుంటే తవుడు, తవిటయ్య. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో, అటు గజపతి, రాయగడ, గంజాం జిల్లాల తెలుగువారిలో ఈ చివరి పేర్లు ఎక్కువ. విలువలేని బిడ్డ కదా అని మృత్యువు చూసీ చూడనట్టు వెళ్ళిపోతుందని ఆ తల్లుల ఆశ.

మనకు పొరుగున ఉన్న భాషల్లోనూ ఇదే ఆశ, ఇదే దుఃఖం. కన్నడంలో తిప్పె అంటే పెంటకుప్ప, దాన్నించి తిప్పయ్య, తిప్పణ్ణ. రాయి నుంచి గుండప్ప. తమిళంలో కుప్పుసామి, కుప్పమ్మ, పిచ్చై. మరాఠీలో రాయి పేరుతో దగడూ, ధోండూ, చెత్త పేరుతో కేర్బా. ఒడియాలో హాడిబంధు. సరిహద్దు గీతలు తరవాత వచ్చాయి. బిడ్డ బతకాలన్న తల్లి ఆరాటానికి ఏ గీతా అడ్డం రాలేదు.

ఈ పేరున్న ప్రతివారి వెనకా ఇదే కథ ఉందని చెప్పలేం. తాత పేరు మనవడికి వచ్చి ఉండవచ్చు. కానీ మొదట ఆ పేరు పుట్టింది మాత్రం ఒక తల్లి గండం గట్టెక్కినప్పుడు. నూరేళ్ళ కిందట మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో సుమారు 200 మంది పిల్లలు మొదటి పుట్టినరోజు చూడకుండానే పోయేవారు. 2020 నాటికి ఆ సంఖ్య 28కి తగ్గింది. మశూచి మన దేశాన్ని విడిచి వెళ్ళింది 1975లో. టీకాలు, శుభ్రమైన కానుపు, మంచి నీళ్ళు చేసిన పని అది, పెంటకుప్ప చేసిన పని కాదు. ఆ నమ్మకాన్ని మనం నమ్మనక్కరలేదు. కానీ తవిటమ్మ అని పిలిచిన ప్రతిసారీ ఆ తల్లి మనసులో అనుకున్నదేమిటి? 'ఇది నాకు దక్కింది' అని. రోజుకు పదిసార్లు చెప్పుకున్న కృతజ్ఞత అది.

ఇక్కడ ఒక చేదు నిజం కూడా చెప్పాలి. హాడిబంధు అన్న పేరు ఎలా వచ్చిందంటే, ఊరు అంటరానివారని దూరం పెట్టిన హాడి కులపు స్త్రీకి బిడ్డను అమ్మినట్టు అమ్మి, తిరిగి తెచ్చుకునేవారు. బిడ్డ ప్రాణం ఆమె చేతుల్లో పెట్టారు, పేరులో ఆమెను బంధువన్నారు. అయినా ఆమెను ఇంటి గడప లోపలికి రానివ్వలేదు. మాటల్లో కృతజ్ఞత ఉండి నడవడిలో లేకపోతే అది సగమే. మన పిల్లలకు ఈ సగం కథ కూడా దాచకుండా చెప్పాలి.

మూడో రకం పేర్లు మరీ విచిత్రమైనవి. బంధువు కాదు, దేవుడు కాదు, మన దేశంవాడే కాదు. అయినా అతని పేరు పిల్లలకు పెట్టుకున్నారు. బళ్ళారి, అనంతపురం, కడప ప్రాంతాల్లో వెనకటి తరాల్లో 'మన్రోలప్ప' అనే పేరు ఉండేది. ఆ మన్రో ఎవరో చూద్దాం.

థామస్ మన్రో 1761లో స్కాట్లండులోని గ్లాస్గోలో పుట్టాడు. 1780లో ఈస్టిండియా కంపెనీ సైన్యంలో చేరి మద్రాసు వచ్చాడు. 1792 నుంచి 1799 దాకా బారామహల్‌లో, అంటే ఇప్పటి కృష్ణగిరి, ధర్మపురి ప్రాంతాల్లో, శిస్తు పనిలో ఉన్నాడు. 1800లో నైజాం దత్తమండలాలను కంపెనీకి ఇచ్చాడు. వాటికి మన్రో ప్రధాన కలెక్టరై అనంతపురం కేంద్రంగా 1807 దాకా పనిచేశాడు. గుర్రం మీద ఊరూరా తిరిగాడు. డేరాల్లో ఉన్నాడు. పొలాలు కొలిపించి, మధ్యవర్తులు లేకుండా రైతు పేరనే పట్టా రాయించే రైత్వారీ పద్ధతిని నడిపించాడు.

అతను కంపెనీ ఉద్యోగి, కంపెనీకి రాబడి తేవడం అతని పని. పాలెగాళ్ళను అణచివేశాడు. అతని శిస్తు కూడా తేలికైనది కాదు. అయితే ఆ సంగతి అతనే గ్రహించాడు. 1807లో వెళ్ళిపోయే ముందు, శిస్తులో నాలుగో వంతు తగ్గించాలని పైవారికి రాశాడు. వారు వినలేదు. పైగా ఊళ్ళను గుత్తకిచ్చే పద్ధతి తెచ్చారు, రైతులు నలిగిపోయారు. 1820లో మన్రో మద్రాసు గవర్నరై తిరిగి వచ్చాక, పదమూడేళ్ళ కిందట తాను అడిగిన తగ్గింపును తానే అమలు చేయించాడు. మాట మరవని మనిషిని జనం కూడా మరవలేదు.

1827లో పదవి దిగి స్వదేశం వెళ్ళబోతూ, చివరిసారి ఈ జిల్లాలను చూసి పోదామని బయలుదేరాడు. దారిలో కలరా తగిలి, జూలై 6న పత్తికొండలో కన్నుమూశాడు. గుత్తిలో సమాధి చేశారు. తరవాత అస్థికలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీ చర్చికి తరలించారు. గుత్తిలో సత్రం, పత్తికొండలో బావి, తోపు అతని పేరన వెలిశాయి. మద్రాసులో గుర్రం మీద కంచు విగ్రహం నిలిచింది. విగ్రహం సర్కారుది, చందాలిచ్చినవారిది. 'మన్రోలప్ప' అన్న పేరు మాత్రం గుడిసెల్లోది. ఆ పరాయి పేరుకు మనవాళ్ళు 'అప్ప' చేర్చి ఇంటివాణ్ణి చేసుకున్నారు.

తరవాత కాలంలో అదే సీమ 1876-78 నాటి ధాత కరువులో అల్లాడిపోయింది. కంపెనీ పోయి రాణి ఏలుబడి వచ్చినా ఆకలి తీరలేదు. కాబట్టి ఆ పేరు పరాయి పాలనకు జేజేలు అనుకోకూడదు. ఒక మనిషి చేసిన మేలును, చేసినంత మేరకు గుర్తుంచుకోవడం అది. 1953 అక్టోబరు 1న బళ్ళారి జిల్లా చీలింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రలోకి వెళ్ళాయి, తక్కినది మైసూరులో కలిసింది. జిల్లా రెండయినా జ్ఞాపకం రెండు వైపులా మిగిలింది.

ఇలాంటిదే మరొకటి తమిళనాడులోని తేని ప్రాంతంలో చూస్తాం. అక్కడి కంబం లోయలో తరతరాలుగా తెలుగు మాట్లాడే కుటుంబాలున్నాయి. జాన్ పెన్నీక్విక్ అనే ఇంజనీరు 1895లో ముల్లపెరియారు ఆనకట్ట పూర్తి చేసి ఆ లోయకు నీళ్ళు తెచ్చాడు. అక్కడ ఇప్పటికీ పిల్లలకు అతని పేరు పెడతారు. అతని పుట్టినరోజు జనవరి 15. ఆ రోజున పాలార్పట్టిలో అతని పేరు చెప్పి పొంగలి వండుతారు. యానాం చుట్టూ ఉన్న గోదావరి డెల్టాలోనూ అంతే. 1847-52 మధ్య ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్ విగ్రహానికి మే 15న పూలదండ పడుతుంది. అన్నం ముందు కూర్చున్నవాడికి నీళ్ళిచ్చినవాడు గుర్తు రావడం మంచి అలవాటు.

శ్రోతలారా, ఇవాళ మనం పిల్లలకు ముద్దుగా పలికే కొత్త పేర్లు పెడుతున్నాం. అందులో తప్పేమీ లేదు. కానీ సరిహద్దు జిల్లాల్లో మన పిల్లలు బడిలో ఒక భాష, వీధిలో ఒక భాష, ఇంట్లో తెలుగు మాట్లాడుతూ పెరుగుతున్నారు. వాళ్ళకు తెలుగు అక్షరం రాకపోయినా తమ పేరు మాత్రం ఉంటుంది. ఆ పేరుకో, తాత పేరుకో, అవ్వ పేరుకో ఒక కథ ఉంటే అది మనమే చెప్పాలి. మనం చెప్పకపోతే చెప్పేవారు మరొకరు లేరు.

అందుకే ఒక చిన్న పని చేయమని కోరుతున్నాను. రాత్రి అన్నాలప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి. 'అవ్వా, నీకీ పేరు ఎందుకు పెట్టారు?' అని. పిల్లల్ని పక్కన కూర్చోబెట్టుకుని అడగండి. బహుశా ఆవిడ నవ్వి, అప్పుడేదో చాటెడు తవుడు సంగతి చెబుతుంది. పుట్టి పోయిన అన్నల సంగతి, బిడ్డను చేతుల్లోకి తీసుకున్న పొరుగింటి తల్లి సంగతి చెబుతుంది. ఆ తరవాత మీ బిడ్డను మీరు పేరు పెట్టి పిలిచినప్పుడు, ఆ బిడ్డ మీకు దక్కడం వెనక ఎంతమంది చేతులున్నాయో మీకే తోస్తుంది. పురుడు పోసిన నర్సమ్మ, టీకా వేయించిన ఆరోగ్య కార్యకర్త, రాత్రంతా కూర్చున్న పొరుగింటి అక్క. వారి పేర్లు కూడా బిడ్డకు చెప్పండి. వారిలో ఎవరైనా మీ వీధిలోనే ఉంటే, ఈ ఆదివారం బిడ్డను తీసుకుని వారింటికి వెళ్ళి రండి.