వానరాత్రి వెలసిన సత్రములు



జర్మను దేశమున యువజనులు మూట భుజమున తగిలించుకొని, మిత్రులతో గూడి, పట్టణమునుండి పట్టణమునకు పోవుచు వింతలు చూచు ఆచారము నూరేండ్లకు పైబడి యున్నది. దాని పుట్టుపూర్వోత్తరములను గూర్చి మీతో ముచ్చటింప దలచితిని. కాశికి కాలినడకను పోయినవారి కథలు మన యిండ్లలో పెద్దలు చెప్పగా మీరును వినియుందురు. వారు పుణ్యమునకై పోయిరి. ఈ జర్మను పిల్లలు తమ దేశము నెరుగుటకై పోయిరి. ఉభయులకును కావలసినది మాత్ర మొక్కటియే: ప్రొద్దు గ్రుంకిన పిమ్మట తలదాచుకొనుట కింత చోటు.

ఈ యాచారము బెర్లిను చెంతనున్న స్టెగ్లిజ్ అను నూరిలో మొదలయ్యెను. అచటి యున్నత పాఠశాల విద్యార్థులు 1896 మొదలుకొని సెలవుదినములలో గుంపులుగూడి యడవుల వెంబడి తిరుగుచుండిరి. 1901 నవంబరులో వారొక సంఘముగా నేర్పడి దానికి 'వాండర్‌ఫోగెల్' అని పేరిడిరి. తిరుగుడు పిట్ట యని దాని యర్థము. ఇంట పెద్దల యాజ్ఞలను, బడిలో బెత్తమును, పట్టణమున యంత్రశాలల పొగను విడిచి, చేతనైనట్లు వండుకొనుచు, రైతుల గడ్డికొట్టములలో పండుకొనుచు, పల్లెపాటలు పాడుకొనుచు వారు తిరిగిరి. హాన్స్ బ్రాయర్ అను యువకుడు 1909లో ఆ పాటలను పుస్తకముగా కూర్చెను. అతడు వైద్యుడై, 1918లో యుద్ధరంగమున మడసెను. అతనివంటి వారెందరో ఆ యుద్ధమున పోయిరి.

ఇక మన కథానాయకుడు. రిచర్డు షిర్మన్ 1874లో జన్మించెను. బడిపంతులు కొడుకు, తానును బడిపంతులే. పశ్చిమ జర్మనీలోని ఆల్టెనా యను చిన్న పట్టణమున కొలువు. నాలుగు గోడలనడుమ చెప్పినంత మాత్రమున చదువు కాదని యతని మతము. 1909 ఆగస్టు 26వ తేదీన, పిల్లలను వెంటబెట్టుకొని ఆహెన్ నగరమునకు నడచిపోవుచు, త్రోవలో పెనుగాలివానకు చిక్కెను. బ్రోల్ అను నేటి లోయలో నొక పల్లెబడి దొరకినది. గడ్డి పరచుకొని పిల్లలు నిద్రించిరి. పంతులు మాత్రము ఉరుములు వినుచు మేలుకొనియుండెను. సెలవులలో పల్లెబడు లన్నియు తాళము పడియుండునే! ఒకనాటి నడక దూరమున కొక్కొక్క బడి నిట్లు తెరచియుంచినచో, దేశము తిరుగు బాలుర కెంత మేలు! ఈ తలంపు ఆ రాత్రి యతనికి కలిగెను.

ఈ ఘట్టము చదివినప్పుడెల్ల నా యనుభవ మొకటి జ్ఞప్తికి వచ్చును. ముప్పదిమంది పిల్లలతో హంపికి పోవుచుండగా బస్సు చెడి, ఒక యూరి సత్రములో చోటు లేదనిపించుకొని, వానలో బడి వసారా చేరితిమి. నాకును ఆ రాత్రి నిద్ర పట్టలేదు. కాని నాకు తోచిన తలంపు, తెల్లవారునప్పటికి ఎవ్వనికిని జ్వరము రాకుండిన చాలునని మాత్రమే!

షిర్మన్ 1910లో తన యూహను కొలోన్ నగర పత్రికలో ప్రకటింపగా పలువురు ధనసహాయము చేసిరి. 1912లో ఆల్టెనా దుర్గమున వసతిగృహము వెలసెను. 1914లో అది స్థిరపడెను. యుద్ధానంతరము సంఘ మేర్పడి, 1933 నాటికి జర్మనీలో నిట్టి గృహములు రెండువేలకు పైబడినవి. బాలురకే గాక బాలికలకును వానిలో చోటుండెను. 1932లో ఆమ్‌స్టర్‌డామున పదునొకండు సంఘములు చేరి యంతర్జాతీయ సమాఖ్యను స్థాపించినవి.

2019లో నేనును, నాతో కొలువుచేసి విరమించిన మిత్రు లిరువురును, మూటలు భుజమున వైచుకొని ఆ దేశమున తిరిగితిమి. మువ్వురకును అరువది దాటినవి. మొదట కొలోన్ చేరితిమి. అచటి ప్రధాన దేవాలయము 1248లో నారంభింపబడి, నడుమ మూడు శతాబ్దములు పని నిలిచి, 1880లో ముగిసినది. గోపురముల యెత్తు 157 మీటర్లు. రెండవ ప్రపంచయుద్ధమున బాంబులు చుట్టునున్న నగరమును నేలమట్టము చేయగా, తాను దెబ్బలు తినియు అది నిలిచెను. తలయెత్తి చూచి చూచి మెడ నొచ్చిన మా మిత్రు డొకడు, "మన బడికి రెండవ గది ముగియలేదని ఇక నేనెవ్వరిని తప్పుపట్టను" అనెను.

అచటినుండి ఆల్టెనాకు పోతిమి. కొండమీద పండ్రెండవ శతాబ్దపు కోట. తొలినాటి పడకగది నట్లే కాపాడియున్నారు. ఒకదానిమీద నొకటిగా అమర్చిన మోటు కొయ్య మంచములు. మా యూళ్ల సత్రపు అరుగులకంటె సుఖమైనవని చెప్పలేను. నే నచట చాలసేపు నిలిచితిని.

ఏలయన, ఈ కథకు చేదైన భాగము కలదు. 1933లో హిట్లరు ప్రభుత్వము రాగానే ఆ గృహముల నన్నిటిని తన యువజనదళమున కప్పగించెను. స్వతంత్రమైన యువజన సంఘములు రద్దయినవి. యూదుల పిల్లలకు తలుపులు మూయబడినవి. 1936లో షిర్మన్ అంతర్జాతీయాధ్యక్షపదవిని బలవంతముగా విడువవలసివచ్చెను. మూట యదియే, కాలినడక యదియే. కాని వెనుక మిత్రులతో తమకు నచ్చిన త్రోవను పోయిన పిల్లలు, ఇప్పుడు జెండాలు మోసికొని నూరెన్‌బెర్గు సభలకు బారులుదీరి నడచిరి. వాండర్‌ఫోగెల్ పిల్లలే దీనికి దారి వేసిరని వాదించువారు కలరు. ఆ పాటలలో స్వదేశగర్వము కొంత హెచ్చుగా నుండెనని నేనును ఒప్పుకొందును. కాని గడ్డిపై పండుకొన్న బాలునిది నేరమని నాకు తోచదు. లోనికెవరు రావలెనో, ఎవరు రాగూడదో పై నుండి యుత్తరువు పుట్టిన దినముననే ఆ యిల్లు సత్రము కాకపోయినది.

షిర్మన్ యుద్ధమును దాటి బ్రతికెను. 1949లో ఆల్టెనాలోనే సంఘము మరల స్థాపింపబడుటను చూచి, 1961లో కాలధర్మము నొందెను.

మా కడపటి మజిలీ నూరెన్‌బెర్గు. 1945 నవంబరునుండి 1946 అక్టోబరు వరకు నాజీ నాయకుల విచారణ జరిగిన న్యాయస్థానమును చూచితిమి. రాత్రి కోటలోని వసతిగృహమున బస. పదునైదవ శతాబ్దమున ధాన్యాగారముగను, చక్రవర్తుల గుఱ్ఱపుసాలగను కట్టిన భవన మది. యుద్ధమున ధ్వంసమై, పిదప మరల నిలువబడినది. ఉదయమున ఫలహారశాలకు ఒక ఉపాధ్యాయిని తన పిల్లలతో వచ్చెను. ఆమె వారిని వేలితో చూపుచు లెక్కించుచుండగా, నాకు తెలియకయే నేనును లెక్కింప మొదలిడితిని. ఇరువదిమువ్వురు తేలిరి. ఆమె మరల మొదటినుండి లెక్కించెను.