పేరు చెక్కని పాత తుపాకి: పుట్టుక తెలుసుకొనుట ఎట్లు?

బిలోలి, దేగలూరు, భైంసా ప్రాంతాలలోని పాత వాడలలోను, గడీలలోను పొడవాటి తుపాకులు అప్పుడప్పుడు బయటపడుచుండును. వాటిపై తయారుచేసినవాని పేరు సాధారణంగా ఉండదు. నాందేడులోని తఖ్త్ హుజూర్ సాహిబ్‌లో గురు గోవింద్ సింగ్‌వని ప్రసిద్ధి చెందిన ఆయుధాల వెంట తరతరాల సంప్రదాయం ఉన్నది. ఇంటి అటకపై దొరికిన తుపాకికి అట్టి సాక్ష్యం లేదు. అది తన ఆకారంతోనే తన చరిత్ర చెప్పుకోవాలి.

ముందుగా ఒక జాగ్రత్త. లోపల మందు, గుండు నేటికీ ఉండవచ్చు. గొట్టం ముందు నిలబడకుండా, ఒక సన్నని కర్రపుల్లను లోనికి జార్చి, అది దిగిన లోతును గొట్టం వెలుపలి పొడవుతో పోల్చవలెను. బాగా తక్కువగా దిగినచో దానిని ముట్టక పోలీసులకు తెలుపవలెను.

పేల్చే యంత్రమే మొదటి ఆధారం. నిప్పుతాడును పట్టుకొనే కొక్కెం కర్రదిమ్మలోని చీలికలో కదులుచు, ప్రక్కన ఇనుప పలక లేకున్నచో అది దేశీయ పద్ధతి. మరాఠీలో దీనినే తోడ్యాచీ బందూక్ అందురు. ప్రక్కన పలక, చెకుముకి రాయి ఉన్నచో ఐరోపా పద్ధతి. పలకపై సింహం గుర్తు ఈస్టిండియా కంపెనీని సూచించవచ్చు. గొట్టం మొదట కిరీటంతో కూడిన చిన్న ముద్రలు ఇంగ్లండులో జరిగిన పరీక్షకు గుర్తులు. బర్మింగ్‌హామ్ పరీక్షాశాల 1813లో ఏర్పడినది. అయితే ఇట్టి ముద్రలను మన కమ్మరులు చూచి చెక్కుట కూడ కలదు. విదేశీ గొట్టానికి స్థానిక కర్ర బిగించుటయు సాధారణమే. కనుక గొట్టం, కర్ర, యంత్రం మూడింటిని వేర్వేరుగా పరిశీలించవలెను.

అక్షరాలు కనిపించగానే తయారీదారు దొరికెనని సంబరపడరాదు. 1689లో మొగలు సేనలు ఆదోనిని గెలిచినప్పుడు బికనేరు రాజు అనూప్ సింగ్‌కు చేరిన ఆయుధాలపై నాగరిలో చుక్కలతో రాతలు ఉన్నవి. అవి ఎవరి ఆయుధాగారానికి చేరినవో చెప్పునే గాని, ఎవరు చేసిరో చెప్పవు.

మన ప్రాంతంలో ప్రతి పాత గొట్టమును నిర్మల్ పనియనియో, కోనసముద్రం ఉక్కనియో చెప్పుట వాడుక. కోనసముద్రం ఉక్కు పారసీక దేశం వరకు వెళ్ళిన మాట నిజమే. కాని ఆ మూస ఉక్కు ప్రధానంగా కత్తులకు ప్రసిద్ధి. గొట్టంపై కనిపించు అలల చారలు ఎక్కువగా ఇనుప పట్టీలను మెలిపెట్టి అతికించుట వలన ఏర్పడినవి. అట్టి పని అనేక చోట్ల జరిగినది. నాందేడు 1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో ఉండుటచే హైదరాబాదు పని కూడ ఇక్కడికి వచ్చియుండవచ్చు. రేమండ్ అక్కడ ఫిరంగుల కార్ఖానా నెలకొల్పెను. హైదరాబాదులోని సాలార్‌జంగ్ మ్యూజియంలోని ఆయుధాలతో పోల్చిచూచుట మేలు. కమ్మరి పేరు దొరకుట అరుదు. ప్రాంతము, కాలము తెలిసిన చాలును.

ఇసుకతోగాని, నిమ్మరసంతోగాని, ఉప్పుకాగితంతోగాని తోమరాదు. తోమినచో చారలు, ముద్రలు, వెండి తాపడం పోవును. మెత్తని బట్టతో దుమ్ము తుడిచి, పొడవును, గొట్టం వెడల్పును కొలిచి, ప్రతి గుర్తుకు ఫొటో తీయవలెను.

1959 ఆయుధాల చట్టం 45వ సెక్షన్ ప్రకారం, మరమ్మతు చేసినను పేలని పాత ఆయుధానికే మినహాయింపు ఉన్నది. పేలగలిగినదైతే లైసెన్సు తప్పదు. నూరేళ్ళు దాటిన వస్తువును దేశం వెలుపలికి అమ్ముట 1972 పురావస్తు చట్టం ప్రకారం నేరం.