వదులుకోవడానికి ముందు

ఇల్లు ఖాళీ చేసుకుంటే మనసు తేలికవుతుందన్న మాట ఈమధ్య తరచుగా వింటున్నాం. జపాన్ రచయిత్రి మరీ కొండో 2011లో రాసిన పుస్తకం ఈ మాటను ప్రపంచమంతా తిప్పింది. ప్రతి వస్తువునూ చేతిలోకి తీసుకుని, సంతోషాన్నిస్తే ఉంచుకోమని, లేకపోతే సాగనంపమని ఆమె సలహా. బాగానే ఉంది. కానీ చేతిలోకి తీసుకున్న వస్తువు అసలు మనదేనా అన్న ప్రశ్న అందులో లేదు. స్త్రీల చరిత్ర చదువుతున్నప్పుడు నాకు ముందుగా ఎదురయ్యేది ఆ ప్రశ్నే.

భీమడోలు చుట్టుపక్కల పాత ఇళ్ల అటకలు చూడండి. బిందెలు, గంగాళాలు, గుండిగలు. ఇప్పుడెవరూ వాడరు, దులిపే ఓపికా లేదు. పాత సామాన్ల వాడికి వేసేద్దామంటారు ఇంట్లోవాళ్లు. కొన్నింటి అంచుల మీద ఒక ఆడమనిషి పేరు చెక్కి ఉంటుంది. సారెతో పాటు పుట్టింటివాళ్లు చెక్కించి పంపిన పేరు అది. పొలం దస్తావేజులో ఎక్కని పేరు బిందె అంచు మీద ఎక్కింది. ఇంటికి అది చెత్త కావచ్చు, ఆమెకు మాత్రం సాక్ష్యం.

ఈ ప్రాంతపు చరిత్రలోనే వదులుకోవడానికి ఒక గొప్ప ఉదాహరణ ఉంది. 1921 మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో జరిగిన అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు పోగుచెయ్యాలని తీర్మానించింది. ఆ పర్యటనలోనే గాంధీ ఏలూరు వచ్చాడు. మాగంటి బాపినీడు భార్య అన్నపూర్ణాదేవి తన నగలన్నీ తీసి ఆయన చేతిలో పెట్టింది. 1927లో చిన్న వయసులోనే ఆమె చనిపోయినప్పుడు గాంధీ ఆమెను తలచుకుంటూ 'యంగ్ ఇండియా'లో రాశాడు.

దీన్ని మనం త్యాగమనే చెప్పుకుంటూ వచ్చాం. ఆమె ఇచ్చిందేమిటో మాత్రం లెక్క చూడలేదు. ఆనాడు హిందూ స్త్రీ తనదని చెప్పుకోగల ఆస్తి చాలామటుకు స్త్రీధనమే. భర్త ఆస్తిలో కొడుకులతో పాటు వితంతువుకూ వాటా అన్న చట్టం 1937లో వచ్చింది, అదీ పరిమిత హక్కుతోనే. ఆ పరిమితిని తొలగించింది 1956 చట్టం. ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమాన వాటా ఇస్తూ మన రాష్ట్రం 1986లో సవరణ తెచ్చింది. 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్లయిపోయిన వాళ్లకు అది దక్కలేదు. దేశమంతటా రావడానికి 2005 దాకా ఆగాల్సివచ్చింది. స్త్రీధనం పూర్తిగా భార్యదేనని సుప్రీంకోర్టు కూడా 1985లో మళ్లీ చెప్పాల్సివచ్చింది. అంటే 1921లో నగలు తీసి ఇచ్చిన స్త్రీ అలంకారాన్ని మాత్రమే వదులుకోలేదు. తన చేతిలో ఉన్న ఒకే ఒక ఆస్తిని వదులుకుంది. జమీనూ పొలమూ చేతిలో ఉంచుకుని చందా ఇచ్చిన మగవాడి దానం, ఈ దానం ఒకటి కావు.

అందరూ ఇష్టంగానే ఇచ్చారా? 1901లో దక్షిణాఫ్రికా నుంచి బయల్దేరుతున్నప్పుడు అక్కడివాళ్లు కస్తూరిబాకు ఒక బంగారు హారం కానుకగా ఇచ్చారు. కానుకలన్నీ ప్రజల పనికి తిరిగి ఇచ్చేద్దామన్నాడు గాంధీ. ఆమె ఒప్పుకోలేదు. మీరు చేసిన సేవలో నా చాకిరీ లేదా, రేపు వచ్చే కోడళ్ల సంగతేమిటని వాదించింది. చివరికి ఎలాగో ఒప్పించానని ఆయనే ఆత్మకథలో రాసుకున్నాడు. నిరాడంబరత ఆయన ఆదర్శం, నగ ఆమెది. ఆ కథలో ఆమె వాదనను మొండితనంగా కాక, హక్కు గురించిన వాదనగా చదవాలనిపిస్తుంది నాకు.

ఇంతకంటే కటువైన ఉదాహరణ మనకు పరాయిది కాదు. భీమడోలు మీదుగా ద్వారకా తిరుమల వెళ్లే ఆడవాళ్లు మొక్కు తీర్చుకుని తలనీలాలు ఇస్తారు. జుట్టు మళ్లీ పెరుగుతుంది. అదే తల, అదే కత్తి. బ్రాహ్మణ ఇళ్లలో వితంతువు తలను మళ్లీ మళ్లీ గొరిగించేవారు. రంగుచీర లేదు, పూలు లేవు, ఒంటిపూట భోజనం. ఆమె బతుకంత సాదా బతుకు ఇంకెవరిది? కందుకూరి వీరేశలింగం 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో మొదటి వితంతు వివాహం జరిపించింది ఆ సాదాతనం నుంచి తప్పించడానికే. లేమి సంగతీ ఇంతే. వరదకు కొల్లేటి లంకల్లో గిన్నెలు కొట్టుకుపోయిన కూలి మనిషి దగ్గరికెళ్లి, తక్కువ సామానుతో హాయిగా బతకొచ్చని చెప్పలేం కదా.

సాదాగా బతకడం తప్పని కాదు నా ఉద్దేశం. అన్నపూర్ణాదేవి చేసింది చిన్న పనీ కాదు. ఇవ్వడానికి ముందు అది నాదని అనగలగాలి, ఇవ్వనని అనే వీలూ ఉండాలి. ఆ రెండూ లేనిచోట ఖాళీ చెయ్యడమంటే ఎవరో ఒకరు మనల్ని ఖాళీ చెయ్యడమే.

మనసు సంగతికొస్తే, అక్కడ పారెయ్యాల్సింది బోలెడుంది. నలుగురూ ఏమనుకుంటారోనన్న భయం, అన్నదమ్ములను వాటా అడిగితే పుట్టిల్లు దూరమవుతుందన్న బెంగ, అడగకపోవడమే మంచితనమన్న పాఠం. ఇవి ఎవరి పేరూ చెక్కని సామాన్లు, తరతరాలుగా మన నెత్తిన పెట్టినవి. ముందు వీటిని దించుకుందాం. బిందెల సంగతి ఆ తర్వాత, వాటి మీద పేరున్న మనిషిని అడిగి తేల్చుకోవచ్చు.