సాలవనము, విల్లు, రైలుపట్టా

ఖరగ్‌పూరులోని ఖరిదా మున్నగు పేటలలో తెలుగు వినబడుట వింత కాదు. బెంగాల్ నాగపూర్ రైల్వేవారి కార్ఖానాలో పనికై వచ్చి నిలిచిన ఆంధ్రుల కుటుంబములవి. ఈ వలసను గూర్చి మనము గర్వముతో చెప్పుకొందుము. ఆ రైలుపట్టాల క్రింద పరచిన దుంగలు ఏ అడవివి, ఆ అడవి ఎవరిది అని మాత్రము అడుగము.

మేదినీపురమునకు పడమట వ్యాపించిన సాలవనమది. సాలమనగా మన గుగ్గిలపుచెట్టే. ఆ ప్రాంతమునకు జంగల్ మహల్ అని పేరు. కుంపిణీవారు శిస్తు హెచ్చించి, పాయకుల మాన్యములు లాగికొనగా 1798-99లో అచ్చటివారు విండ్లు పట్టిరి. దానికి దొరలు పెట్టిన పేరు ‘చువాడ్ల తిరుగుబాటు’. చువాడ్ అనునది తిట్టు. ఆ తిట్టునే చరిత్రగ్రంథములు శీర్షికగా నిలుపుకొన్నవి! కర్ణగఢము రాణి శిరోమణి 1799లో బందీ యైనది.

అచ్చటి సంతాలులకు విల్లు కేవలము ఆయుధము కాదు. వారి భాషలో విల్లు ‘ఆక్’, బాణము ‘సార్’. ఈ రెండవ మాట మన శరమునకు చుట్టమని వేరుగ చెప్పనక్కరలేదు. వెదురును వంచి, వెదురుచీలికనే అల్లెత్రాడుగా బిగింతురు. వేసవిలో అనేక గ్రామముల పురుషులు, తాము చేసికొనిన విండ్లతో, అడవి నడచుచు వేటాడుదురు. ఈ ‘సేంద్రా’కు ‘దిహ్రి’ అను వేటపురోహితుడు పెద్ద. పగలు వేట, రాత్రి సభ. గ్రామపు మాఝీయు, పరగణా నాయకుడును తీర్పలేని తగవులు ఆ సభకు వచ్చును. ఆ నాయకునిపైననే అభియోగము తెచ్చు హక్కు అందు సామాన్యునకు కలదు. దీనిని ‘లో బీర్’ అందురు. సంతాలులకు ఇంతకుమించిన న్యాయస్థానము లేదు. ‘బీర్’ అనగా అడవి. అడవి పోయినచో న్యాయపీఠమే పోయినట్లు.

పోయినది కూడ. 1898 ప్రాంతమున రైలు వచ్చినది. స్లీపరు దుంగలకు సాలమును మించిన కలప అరుదు. కలప ధర పెరుగగా జమీందారులు అడవులను కౌలుకిచ్చిరి. 1972లో అరాబారీలో అటవీ అధికారి అజిత్ కుమార్ బెనర్జీ 11 గ్రామములవారిని కూడగట్టుకొని కాపుదల ఆరంభించునాటికి అచ్చట మిగిలినవి చాలవరకు మొదళ్లే. ఆ మొదళ్లు మరల చిగిర్చినవి. నేడు మనము చూచు సాలవనములో చాలభాగము అట్టి లేత అడవి.

ఆ లేత అడవిలోనికి పాతవేట ఇంకను పోవుచున్నది. 2018 ఏప్రిల్‌లో, వేటల ఋతువున, లాల్‌గఢ్ ప్రాంతమున ఒక పెద్దపులి గాయములతో చచ్చిపడియుండెను. వేటను నిలుపుమని కలకత్తా హైకోర్టులో వాదములు నడచినవి. జంతువులకు రక్షణ కావలసినదే. అందు నాకు సందేహము లేదు. కాని విల్లు పట్టినవానిని మాత్రమే దోషిగా నిలుపువారు పట్టాల క్రింది దుంగలను లెక్కింపలేదు.

కొలియాన్ అను సంతాల గురువు చెప్పగా స్క్రేఫ్‌స్రూడ్ అను నార్వే మిషనరీ వ్రాసికొనిన వారి ఆచారచరిత్ర 1887లో సంతాలీలోనే అచ్చుపడినది. బోడింగ్ ఆంగ్లానువాదము 1942లో వెలువడినది. ఆంగ్లమునుండి గాక మూలమునుండి దానిని తెలుగు చేయదగినవారు ఖరిదాలో పెరిగిన మన పిల్లలే.