షిబుయా స్టేషన్‌లో అందిన కరపత్రం

1948 అక్టోబరు. టోక్యోలోని షిబుయా స్టేషన్. రైలు దిగిన జనం ఎవరి దారిన వాళ్లు వెళ్లిపోతున్నారు. అక్కడ ఒక విదేశీయుడు వచ్చేపోయేవారికి కరపత్రాలు పంచుతున్నాడు. 45 ఏళ్ల జపాన్ రైతు చేతిలోనూ ఒకటి పెట్టాడు.

ఆ రైతు మిత్సువో ఫుచిదా. ఏడేళ్ల కిందట పెర్ల్ హార్బర్ మీద విరుచుకుపడిన విమానదళానికి నాయకుడు. ఆ దాడిలో 2,400 మందికి పైగా అమెరికన్లు చనిపోయారు. యుద్ధంలో దేశం ఓడింది, సైన్యం రద్దయింది. ఫుచిదా నారా ప్రాంతంలోని సొంతూరు చేరి నాగలి పట్టాడు.

కరపత్రం పేరు చూసి ఆగాడు: ‘నేను జపాన్ ఖైదీని’. రాసింది జేకబ్ డిషేజర్ అనే అమెరికన్ సైనికుడు.

పెర్ల్ హార్బర్ వార్త రేడియోలో వచ్చినప్పుడు డిషేజర్ సైనిక శిబిరం వంటశాలలో బంగాళాదుంపల తొక్క తీస్తున్నాడు. చేతిలోని దుంపను గోడకేసి కొట్టాడు. నాలుగు నెలల తర్వాత, 1942 ఏప్రిల్ 18న, జపాన్ మీద ఎదురుదాడికి బయల్దేరిన అమెరికా విమానదళం ‘డూలిటిల్ దళం’లో వెళ్లి నగోయా నగరం మీద బాంబులు వేశాడు. ఇంధనం అయిపోయి చైనాలో పారాచూట్‌తో దూకాడు, జపాన్ సైన్యానికి చిక్కాడు. 40 నెలల చెర. అందులో 34 నెలలు ఒంటరి గదిలోనే. తోటి ఖైదీల్లో ముగ్గుర్ని కాల్చి చంపారు. మరొకరు జైల్లోనే కన్నుమూశారు.

1944లో ఆయన చేతికి ఒక బైబిల్ వచ్చింది, అదీ మూడు వారాలకే. వెలుతురు చాలని గదిలో పదేపదే చదివాడు, భాగాలు కంఠస్థం చేశాడు. ప్రభువును నమ్ముకున్నాడు. అసలు పరీక్ష ఆ తర్వాత వచ్చింది. ఒకరోజు కాపలావాడు అతని ఉత్త పాదం మీదికి తలుపు మూసి నలిపాడు. కోపం పొంగుకొచ్చింది. అయినా మర్నాడు పొద్దున అదే కాపలావాడికి అతని భాషలో వందనం చెప్పాడు. ఆ మర్నాడూ చెప్పాడు. కొన్నాళ్లకు కాపలావాడు ఉడికించిన చిలగడదుంప తెచ్చిచ్చాడు. నా దృష్టిలో ఈ గాథకు ప్రాణం అక్కడే ఉంది. శత్రువును ప్రేమించాలన్న వాక్యం అప్పటికే అతనికి కంఠతా వచ్చు. అది నిజమని తెలిసింది మాత్రం ఆ దుంప చేతికందిన రోజునే.

ఫుచిదాకు ఇలాంటి మాట వినడం కొత్త కాదు. 1947లో ఉరగా రేవులో, చనిపోయాడనుకున్న పాత సహచరుడు కనెగసాకి ఎదురయ్యాడు. అమెరికాలో యుద్ధఖైదీగా ఉన్నప్పుడు పెగ్గీ కవెల్ అనే అమ్మాయి తమకు ఎంతో ఆప్యాయంగా సేవ చేసిందని చెప్పాడు. మిషనరీలైన ఆమె తల్లిదండ్రుల్ని ఫిలిప్పీన్స్‌లో చంపింది జపాన్ సైనికులే. పగ తీర్చుకోవడమే ధర్మమని నమ్మిన ఫుచిదాకు ఇది అంతుపట్టలేదు.

ఇప్పుడు ఈ కరపత్రం చదివాక ఫుచిదా బైబిల్ కొని చదివాడు. లూకా సువార్త 23వ అధ్యాయంలో, తనను సిలువ వేసినవారి కోసం యేసు చేసిన ప్రార్థన దగ్గర ఆయన మనసు కరిగింది. పెగ్గీ చేసిన పనికి మూలం ఇదేనని అర్థమైంది. 1950లో క్రైస్తవుడయ్యాడు.

అప్పటికే డిషేజర్ మిషనరీగా జపాన్ వచ్చి ఉన్నాడు. ఆ ఏడాదే ఇద్దరూ కలుసుకున్నారు. పెర్ల్ హార్బర్ మీద బాంబులు వేయించినవాడూ, నగోయా మీద వేసినవాడూ ఒకే వేదిక మీద నిలబడి సాక్ష్యం చెప్పారు. ఆ స్నేహం ఒక సభతో ముగియలేదు, ఫుచిదా బతికినంత కాలం సాగింది.

క్షమించానని నోటితో అనేయొచ్చు. డిషేజర్ అక్కడితో ఆగలేదు. భార్య ఫ్లోరెన్స్‌తో కలిసి, తాను బాంబులు వేసిన నగోయాకే కాపురం వెళ్లి, అక్కడ సంఘం స్థాపించాడు.

ఫుచిదా 1976 మే 30న మరణించాడు. డిషేజర్ దాదాపు 30 ఏళ్లు జపాన్‌లో సేవ చేసి స్వదేశం చేరి, 2008 మార్చి 15న, 95 ఏళ్ల వయసులో కన్నుమూశాడు.