ఒడ్డున దివిటీలు

ఓడ పగిలిన చప్పుడు సరంగుకి వినపడనే లేదు. గాలి హోరు అలా ఉంది. కాళ్ళ కింద చెక్క కదిలింది. నోట్లో ఉప్పు. చేతికి ఏదో దుంగ తగిలితే వాటేసుకున్నాడు. మళ్ళీ కళ్ళు తెరిచేసరికి చెంప కింద తడి ఇసక, ఎదురుగా దివిటీలు, వాటి వెనక మనుషులు.

తుపాను కన్నా ఆ మనుషులంటేనే వాడికి భయం.

ఎందుకంటే అప్పటిదాకా ఆనవాయితీ అది. ఒక దేశం నుంచి ఇంకో దేశానికి పోతూ, గాలివానకి దారి తప్పి పరాయి ఒడ్డున పగిలిన ఓడలో ఏముంటే అది అక్కడి రాజుది. బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు, ఏదీ వదిలేవాళ్ళు కాదు. సముద్రం మిగిల్చింది భటులు ఊడ్చుకుపోయేవాళ్ళు. వీడి ఓడలో కర్పూరం పెట్టెలున్నాయి. గంధపు చెక్క ఉంది. సగం అప్పు చేసి కొన్నది.

ఒకడు వంగి ముంతతో నీళ్ళు పట్టాడు. మిగతావాళ్ళు అలల్లోకి దిగి పెట్టెలు లాగుతున్నారు. లాగినవి లాగినట్టే వరసగా పేర్చి లెక్కపెడుతున్నారు. దోచుకునేవాడికి లెక్కెందుకు?

తెల్లారింది. వాన తెరిపిచ్చింది. పెట్టెలు బండ్లకెక్కాయి. సరంగు వాటి వెనకే నడిచాడు. అడుసులో కూరుకుపోతున్న చక్రాలని కళ్ళతో పట్టుకుని, ఎండుచేపల వాసన దాటి, గుర్రాల సకిలింపులు దాటి, తనకి సగమే అర్థమయ్యే భాషల్లో బేరాలాడుతున్న వర్తకుల మధ్యనుంచి దూరి, అరుగు మీద సన్నటి బట్ట విప్పి వెలుగుకి పట్టి చూస్తున్న ముసలామెని రాసుకుంటూ, గుడిగంట వినపడుతున్న వైపుకి ఊరి వీధులన్నీ తిరిగాడు. ఆ బట్ట గురించి చెప్పాలి. పదమూడో శతాబ్దం చివర్లో యాత్రికుడు మార్కో పోలో ఈ మోటుపల్లి ప్రాంతాన్నే ‘ముత్ఫిలి’ అని తన పుస్తకంలోకి ఎక్కించాడు. ఇక్కడి నేతని సాలెగూటితో పోల్చాడు.

బండ్లు గుడి ముందు ఆగాయి. సుంకరి దిగాడు. సరంగు గుండె జారింది.

“అయ్యా, ప్రాణం మిగిలింది, చాలు. అది తీసుకోకండి,” అన్నాడు వచ్చీరాని తెలుగులో.

సుంకరి నవ్వలేదు. వాణ్ణి రెక్క పట్టుకుని మండపంలోకి లాక్కెళ్ళాడు. కొత్తగా చెక్కిన స్తంభం. రాతిపొడి ఇంకా సందుల్లోనే ఉంది.

“చదవడం వచ్చా?”

“రాదయ్యా.”

“అయితే విను నాయనా. ఇదివరకటి రాజులు పగిలిన ఓడ సరుకు బలవంతంగా గుంజుకునేవారు. గణపతిదేవ మహారాజు వద్దన్నాడు. ప్రాణం కన్నా ధనమే ఎక్కువనుకుని సముద్రానికి తెగించే మీలాంటివాళ్ళ మీద దయతో. తన కీర్తి కోసం, పుణ్యం కోసం. సుంకం మాత్రం కట్టి తీరాలి.”

“ఎంత?”

“ముప్పైకి ఒకటి.”

సరంగు వేళ్ళు మడిచాడు. మళ్ళీ మడిచాడు. ఏదో మెలిక ఉండే ఉంటుంది.

“కర్పూరానికి?”

సుంకరి వేలు రాతి మీద కిందికి జారింది. గంధం, కర్పూరం, చైనా కర్పూరం, ముత్యాలు, పన్నీరు, ఏనుగు దంతం... ఏ సరుకుకి ఎంతో రాసే ఉంది. అధికారి ఇష్టానికి వదిలేసింది కాదు. సరంగు ఆ గీతలని అరచేత్తో తడిమాడు. చేతికి రాతిపొడి అంటుకుంది. బయట బండివాడు అతని పెట్టెలు దించుతున్నాడు.

ఈ సరంగు ఊహే. సుంకరీ ఊహే. అలాంటివాళ్ళ పేర్లు ఏ రాయీ దాచుకోలేదు. శాసనం మాత్రం నిజం. ఓరుగల్లు నుంచి పాలించిన కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం అది. ఇప్పటి బాపట్ల జిల్లా మోటుపల్లి వీరభద్రస్వామి గుడి స్తంభం మీద, సంస్కృతంలో, తెలుగులో.

114 ఏళ్ళు గడిచాయి. కాకతీయులు పోయారు. 1358లో, అదే మోటుపల్లిలో, ఓడ వర్తకుల కోసం రెడ్డి రాజు అనపోతారెడ్డి మళ్ళీ ఇంకో అభయశాసనం చెక్కించాల్సి వచ్చింది.